పైవాళ్ళ గుర్తు

ముత్యాలు ఇనపకడ్డీతో పడవ పొట్ట మీద మూడుసార్లు కొట్టింది. కొట్టాక ముప్పై దాకా లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నంతసేపూ చెవి పడవకి ఆనించి ఉంచాలని సముద్రపు నేరాలకి తీర్పు చెప్పే జలపీఠం నియమావళిలో పదకొండో నిబంధన. ఆమె చెవి ఆనించాల్సిన చోట అరచెయ్యి ఆనించింది. పైన గాలిలో ఆగి ఉన్న కాపలా యంత్రం కనుపిట్ట ఆమె పెదవుల కదలికను చూసి, ముప్పై అంకెలూ సరిపోయాయని నమోదు చేసుకుంది. చెవికీ చేతికీ తేడా చూడమని దానికెవరూ నేర్పలేదు.

“ఖాళీ,” అంది ముత్యాలు.

ఆ ఒక్క మాట కోసమే పొద్దున్నే ఇంతదూరం రావడం. మనిషి మునిగిన చోట సముద్రపు నేలను ఎవరూ ఎప్పటికీ కదపకూడదని మూడో నిబంధన. అందుకని పట్టుబడ్డ పడవను ముంచే ముందు అది ఖాళీ అని ఒక మనిషి నోటితో చెప్పాలి. యంత్రాలు చూడగలవు, తూచగలవు, శిక్ష వెయ్యగలవు. మాట మాత్రం మనిషిదే కావాలి. రేపు తప్పు తేలితే పట్టుకోవడానికి ఒక పీక ఉండాలి కదా.

పీఠం లాంచీ మీద పడవ యజమాని లోవరాజు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మొన్న రక్షిత వలయంలోకి చొరబడింది అతనేనని అందరికీ తెలుసు. కనుపిట్ట కనపడగానే నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయాడనీ తెలుసు. రుజువు లేదు. మనిషి లేకుండా దొరికితే శిక్ష పడవకే. మనిషితో దొరికితే ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ సముద్రంలో కాలు పెట్టకూడదు. దాన్ని జలబహిష్కారం అంటారు. అందుకే కొందరు దూకుతారు. ఈత మీద నమ్మకం చాలనివాళ్ళు పడవ అడుగున చేపలు పోసే కొట్లో దాక్కుంటారు. అక్కడొక చిక్కుంది. కనుపిట్ట మోటారును ఆపెయ్యగానే కొట్టు మూత మీద గట్టినురుగు చల్లుతుంది. లోపలున్న చేప సాక్ష్యం, సాక్ష్యం చెదరకూడదు. ఆరిన నురుగు గొడ్డలికి కూడా లొంగదు. ఇక లోపలివాడు కడ్డీ దెబ్బకి జవాబు కొట్టి దొరికిపోవాల్సిందే. అలా దొరికినవాళ్ళు ఇప్పటికి ఏడుగురు. అందరూ నాలుగేళ్ళకి ముందు దొరికినవాళ్ళే. ఈమధ్య ఎవరూ దాక్కోవడం లేదని పీఠం సంతోషించింది.

“అమ్మా, ఒక్క నిమిషం ఆపండి. వెనక అమరం కింద మాయమ్మ ఫొటో ఉండిపోయింది,” అన్నాడు లోవరాజు.

“పడవలో ఉన్నది పడవతోనే పోవాలి.”

“మీరూ మా పేట పిల్లే గదండీ.”

“పేట పేరు చెబితే వదిలేసేదాన్నయితే ముందు మా తమ్ముణ్ణి వదిలేసేదాన్ని,” అంది ముత్యాలు.

లోవరాజు తల దించుకున్నాడు. ఆ సంగతి తీరమంతా తెలుసు. నాలుగేళ్ళ కిందట వలయంలో దొరికిన నూట నలభయ్యో పడవ ఆమె తమ్ముడు ఎర్రయ్యది. దాన్నీ ఈమే కొట్టి చూసింది, ఈమే ఖాళీ అంది. గొంతు వణకలేదు. ఆ రోజు పీఠంలో మనుషుల మాటను తూచి తీర్పు చెప్పే యంత్రం తూనిక ఆమె నమ్మికను తొంభై ఆరు నుంచి నూటికి పెంచింది. తీరం మొత్తం మీద నూరు ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఎర్రయ్య మళ్ళీ కనపడలేదు. పడవ పోయిన సిగ్గుతో ఎక్కడో పడమటి తీరంలో ఉన్న వీరావలు రేవుకి పోయి అక్కడి బోట్లలో కూలికి చేరుంటాడని పేట అనుకుంది. అలా పోయినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

కవాటాలు తెరుచుకున్నాయి. పడవ వెనక్కి వాలి, కాసేపు బుడగలు వదిలి, నీటి కిందికి పోయింది. వలయంలో ముంచినవాటిలో అది రెండు వందల పన్నెండోది.

లాంచీ ఒడ్డుకు తిరిగింది. ముత్యాలు అరచెయ్యి లుంగీగుడ్డతో తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. పదకొండింటికి జలపీఠంలో వలయం రద్దు కేసు ఆఖరి విచారణ. సాక్షి ఒక్కడే. ఆమె తండ్రి చోడిపల్లి దానయ్య.

*

ఆ తీరంలో ప్రతి పారకీ రెండు గుర్తులుంటాయి. సముద్రం అడుగున రాతిగుట్టని పార అంటారు, చేప గుడ్లు పెట్టేదీ పెరిగేదీ అక్కడే. దాన్ని పైనుంచి కనుక్కోవాలంటే ఒడ్డు చూడాలి. ఒడ్డున ఫలానా రెండు ఒకదాని మీద ఒకటి పడేలా, పక్కన ఫలానా రెండు కలిసేలా పడవ నిలిపితే పార కిందనే ఉన్నట్టు. ఇంటి గుర్తు తండ్రి కొడుక్కి చెబుతాడు. సముద్రానికి వీపు పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కసారే చెబుతాడు. రెండోది పైవాళ్ళ గుర్తు. అడిగిన ప్రతివాడికీ అదే. బావమరిది అడిగినా, పోలీసు అడిగినా, ప్రమాణం చేయించి అడిగినా అదే. అది తీసుకెళ్ళి నిన్ను ఇసక మీద నిలబెడుతుంది. దాన్ని అక్కడ అబద్ధమనరు. అడగడమే తప్పు.

ముత్యాలు తొమ్మిదేళ్ళప్పుడు అడిగింది. “ఆడపిల్లకి గుర్తెందుకే? మొగుడింటికి మూటగట్టుకుపోతావు,” అని నవ్వాడు దానయ్య. పక్కనే ఉన్న ఎర్రయ్యకి అప్పటికి నాలుగేళ్ళు, ముక్కు తుడుచుకోవడం రాదు. వాడికి చెబుతారట. ఆ కోపం ఆమెకి ముప్పై నాలుగేళ్ళ తర్వాత కూడా తగ్గలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఏ ఇంటికీ ఏదీ మూటగట్టుకుపోలేదు, అయినా ఆయన చెప్పలేదు.

ముప్పై ఏళ్ళ కిందట సర్వే వాళ్ళు వచ్చి, చేపల్ని కాపాడతాం, పెద్దపార ఎక్కడుందో చెప్పండని పెద్దల్ని అడిగారు. ఏడుగురు పెద్దలు ముందురోజు కూర్చుని మాట కలుపుకుని, ఏడుగురూ ఒకే పైవాళ్ళ గుర్తు చెప్పారు. ఏడు నోళ్ళు ఒకే మాటంటే నమ్మకేం చేస్తారు? వాళ్ళలో ఇప్పుడు మిగిలింది దానయ్య ఒక్కడే. ఆ గుర్తు మధ్యలో పెట్టి ఇరవై కిలోమీటర్ల వెడల్పున వలయం గీశారు. ప్రభుత్వం సముద్రంలో ఇసకకి కాపలా పెట్టింది. వలయం చుట్టూ చిన్న పడవలకి మాత్రమే అని ఒక పట్టీ విడిచారు. అసలు పెద్దపార ఆ పట్టీలో ఎక్కడో ఉంది. పేట ముప్పై ఏళ్ళు దాని మీద బతికింది, లోలోపల నవ్వుకుంటూ బతికింది.

ఆ నవ్వుకి వడ్డీ ఇంకోచోట పడింది. మొదట్లో మోటారు చెడి వలయంలోకి కొట్టుకుపోయిన పడవల్ని పట్టి, అక్కడే ముంచారు. ఇసకలో గట్టి వస్తువు దొరికేసరికి చేప వచ్చి చేరింది. ఆ చేప వాసనకి ఇంకో పది పడవలు పోయాయి. వాటినీ ముంచారు. ఇంకా చేప చేరింది. జలపీఠంలో ఎవరికీ ఇందులో నవ్వాల్సిందేమీ కనపడలేదు.

*

జలపీఠం పాత రేవు మీద ఇనపకాళ్ళ మీద నిలబెట్టిన గది. కిటికీలోంచి చూస్తే వలయం అంచున జలధాత్రి సమాఖ్య ఊడ్పు ఓడలు నలభై, వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కో దాని వల నోరు ఒక వీధంత వెడల్పు. అడుగు నుంచి పైదాకా ఊడుస్తుంది, రాయిని కూడా పిండి చేస్తుంది. వలయం రద్దయితే పట్టీ కూడా రద్దవుతుంది. సాయంత్రానికి అవి పట్టీలో ఉంటాయి, అందులో పెద్దపార ఉందని వాటికి తెలియకుండానే.

కేసు వేసిన సమాఖ్య న్యాయవాది కౌశిక్ మెత్తటి మనిషి. దానయ్యకి తనే కుర్చీ జరిపాడు, మంచినీళ్ళిచ్చాడు. వాంగ్మూలం తీసుకునే అధికారి సాక్షికి కూతురే కదా, అభ్యంతరం ఉందా అని తూనిక అడిగింది.

“ముత్యాలు గారు సొంత తమ్ముడి పడవనే ముంచారు. ఇంతకన్నా నిష్పాక్షికమైన మనిషిని నేనెక్కడ తేను? నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు కౌశిక్.

ఆమె తండ్రి మెడకి, మాట నిజమో కాదో రంగులో చూపే గొంతుపట్టీ కట్టింది. మెడ ఎండుచేపలా గరుకుగా ఉంది. ముప్పై ఏళ్ళ కిందటి వాంగ్మూలం, కేసులో ఒకటో పత్రం, పైకి చదివింది. చూడక్కర్లేకుండానే చదవగలదు.

“‘లైటుహౌసు కొన ఎర్రమెట్ట నడుము మీద పడాలి. పోలమ్మ గుడి జంట తాడిచెట్ల మధ్యకి రావాలి. పదహారు బారల లోతు. అడుగున రాయి.’ ఇది మీరు చెప్పిందేనా?”

“నానే సెప్పినాను,” అన్నాడు దానయ్య.

“నిజమేనా?”

“సముద్రం సాచ్చిగా నిజం.”

గొంతుపట్టీ ఆకుపచ్చగా వెలిగింది. ముప్పై ఏళ్ళు ఒకే మాట చెబుతూ వస్తే గొంతుకి ఇక అందులో అబద్ధమేమీ మిగలదు. సాక్షి నమ్మిక తొంభై ఏడు అని తూనిక ప్రకటించింది. దానయ్య మీసం కింద కొంచెం నవ్వాడు. యంత్రాన్ని బోల్తా కొట్టించాననుకున్నాడు పాపం.

తూనిక గొంతు ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు.

“సాక్షి మాట నిజం. కాబట్టి ముప్పై ఏళ్ళ కిందట ఆ చోట పార ఉండేది. నిరుటి కొలతల ప్రకారం ఆ చోట ఇసక, మునిగిన పడవలు తప్ప సహజమైన రాయి లేదు. కాబట్టి పార నశించింది. నశించినదానికి రక్షణ అవసరం లేదు. వలయాన్నీ, దాని పట్టీనీ రద్దు చేసే ఉత్తర్వు సిద్ధమవుతోంది. పావుగంటలో అమలవుతుంది.”

దానయ్యకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. కూతురి వైపు తిరిగాడు.

“నశించడమేటి? రాయి సచ్చిపోద్దా? గుంటా, ఈల్లేటంటన్నారు?”

“సాక్షి అధికారితో మాట్లాడకూడదు,” అంది ముత్యాలు.

కౌశిక్ ముందుకు వంగాడు. “తాతా, కంగారు పడకండి. మీరు చెప్పిన చోట లేకపోతే ఇంకెక్కడైనా ఉందా? ఉందంటే ఇప్పుడే చెప్పండి. వలయం అక్కడికి మార్చమని నేనే అడుగుతాను.”

మంచితనంతోనే అడిగినట్టు అడిగాడు. చెబితే ఏమవుతుందో ముత్యాలుకి తెలుసు. దానయ్య తప్పుడు సాక్షి అవుతాడు. కొత్త హద్దు ప్రకటించి అమలు చెయ్యడానికి నలభై రోజుల గడువు ఉంటుంది. ఆ నలభై రోజులూ నలభై ఓడలకీ చిరునామా చేతిలో ఉంటుంది. చెప్పకపోతే ఓడలు గుడ్డిగా ఊడుస్తూ వారానికో నెలకో అక్కడికి చేరతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పేటవాళ్ళు వేసిన ఎర పేటవాళ్ళ గొంతులోనే దిగింది.

దానయ్య కిటికీ వైపు చూశాడు.

“ఇంకో సోట నేదు,” అన్నాడు. గొంతుపట్టీ ఎర్రగా వెలిగింది. అతనికి ఆ అబద్ధం కొత్త. సాక్ష్యం అప్పటికే ముగిసింది గనక తూనిక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కౌశిక్ ఎర్రదీపాన్ని చూసి, సభ్యతగా మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ముసలాయన కూతురి వైపు కాకుండా, తన మోకాళ్ళ వైపు చూస్తూ, తనకి తాను ధైర్యం చెప్పుకున్నట్టు గొణిగాడు.

“పర్నేదు. ఎర్రిగాడికాడ ఉంది గుర్తు. నాను పోయినా ఆడొస్తాడు. ఈ ఓడలెన్నాల్లుంటాయి? ఆడొచ్చి ఏదో ఒకటి సేస్తాడు.”

ఆ క్షణాన ముత్యాలును లేపి నిలబెట్టింది ధర్మమని తర్వాత పేటలో కొందరు అన్నారు. కాదు. కోపం. ముక్కు తుడుచుకోవడం రానివాడికి ఇచ్చిన గుర్తు, ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఉందనుకుని ఈయన నిశ్చింతగా చచ్చిపోతాడు. ఆ నిశ్చింతకి కాపలా కాస్తూ తను రోజూ పడవల మీద చెయ్యి ఆనిస్తూ ఉండాలి. ఉత్తర్వుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

ఆమె లేచి తండ్రి మెడ మీది పట్టీ విప్పింది. తన మెడకి కట్టుకుంది.

“అధికారికి పట్టీ అవసరం లేదు. అధికారి నమ్మిక నూరు,” అంది తూనిక.

“మూడో నిబంధన కింద చెబుతున్నాను. నమోదు చెయ్యి. నూట నలభయ్యో పడవ ఖాళీ కాదు. అందులో నా తమ్ముడు చోడిపల్లి ఎర్రయ్య ఉన్నాడు.”

దానయ్య మోకాళ్ళ మీంచి తలెత్తాడు.

“కొట్లో దాక్కున్నాడు. మీద నురుగు పడింది. నేను మూడు కొట్టాను, చెవి ఆనించాను. లోపల్నుంచి మూడు కొట్టాడు. మళ్ళీ మూడు కొట్టాడు. ‘అక్కా’ అన్నాడు. ఉన్నాడంటే మా ఇంటికి బహిష్కారం, నాకు ఉద్యోగం పోతుంది. ముప్పై దాకా లెక్కపెట్టి ఖాళీ అన్నాను.”

పట్టీ ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది.

కౌశిక్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. మెత్తదనం ఇంకా పోలేదు. “అది ఒక్క పడవ. దాని చుట్టూ నాలుగు మీటర్లు సమాధి అంటాం, వదిలేస్తాం. ఆ తర్వాతి డెబ్బై రెండూ మీరు సరిగ్గానే విన్నారు కదా?”

“వినలేదు.”

“అంటే?”

“ఆ రోజు నుంచి చెవి పెట్టడం మానేశాను. చెయ్యి ఆనిస్తున్నాను. లోపల ఎవరైనా కొట్టి ఉంటే నాకు తెలీదు.” అరచెయ్యి తిప్పి చూసుకుంది. “కొట్టినట్టు రెండుసార్లు చేతికి తగిలింది. ఇవాళ పొద్దున కాదు.”

లోవరాజు అమ్మ ఫొటో ఆమెకి ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది.

తూనిక మాట్లాడలేదు. అది మాట్లాడకపోవడం ఆ గదిలో ఎవరూ ఎరగరు. ఈమె ఇప్పుడు నిజం చెబుతోందంటే నూరు నమ్మిక మీద నిలబడ్డ పత్రాలన్నీ అబద్ధం. పత్రాలు నిజమంటే నూరు నమ్మిక ఉన్న మనిషి ఇప్పుడు అబద్ధమాడుతోంది, అప్పుడు నూరూ లేదు, పత్రాలూ లేవు. రెండు తట్టల్లోనూ ఒకే గొంతు ఉంది. కిటికీ బయట కనుపిట్టలు ఉన్నచోటే ఆగిపోయాయి. ఓడల మీది దీపాలు పచ్చ నుంచి ఎరుపుకి మారాయి, ఒకదాని తర్వాత ఒకటి, నలభై.

నాలుగు నిమిషాల తర్వాత గొంతు వచ్చింది.

“ఉత్తర్వు నిలిపివేయబడింది. రెండు వందల పన్నెండు పడవలనూ నేల కదపకుండా ఒక్కొక్కటీ తెరిచి చూసేవరకూ వలయంలోనూ పట్టీలోనూ ఏ ఓడా నేలను తాకరాదు. ఉన్న సాధనాలతో పదకొండేళ్ళు పడుతుందని అంచనా. అధికారి నమ్మిక సున్నా. అధికారిని నిర్బంధించాలి. చోడిపల్లి వంశానికి నేటి నుంచి జలబహిష్కారం.”

పదకొండేళ్ళు. పెద్దపార మీద పదకొండుసార్లు చేప గుడ్లు పెడుతుంది. పేట గెలిచింది. గెలిచిందని పేటకి ఎవరూ వెళ్ళి చెప్పలేరు, ఎందుకంటే చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి.

*

ఇద్దరు భటులు ముత్యాలును రేవు మెట్ల దాకా తీసుకొచ్చారు. దానయ్య అప్పటికే అక్కడ, ఆఖరి మెట్టు మీద, నీళ్ళకి కాలు తగలకుండా ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఇకమీదట ఆ నీళ్ళు తాకితే నేరం. ఏడవలేదు. నాలుగేళ్ళ ఏడుపు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తుంది?

“మూడు కొట్టినాడా?” అన్నాడు.

“ఆరు, అయ్యా.”

“అక్కా అన్నాడా?”

“అన్నాడు.”

ముసలాయన తలూపాడు. కిందటి సంక్రాంతికి వీరావలు నుంచి వచ్చినవాళ్ళని పట్టుకుని, మా ఎర్రిగాడు కనపడ్డాడా అని ఇంటింటికీ తిరిగి అడిగిన మనిషి. ఒకడు కనపడ్డాడని కూడా చెప్పాడు, ముసలాడి మొహం చూడలేక. మూడు నెలలు ఆ అబద్ధం తిని బతికాడు.

భటుడు టైము చూసుకున్నాడు. దానయ్య చెయ్యి ఊపి కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు. ఆమె వంగింది. కొడతాడేమో అనుకుంది, కొడితే బాగుండుననీ అనుకుంది. అతను కష్టపడి ఇటు తిరిగాడు. సముద్రానికి వీపు పెట్టాడు. ఆమె తల పట్టుకుని చెవి దగ్గర నోరు పెట్టాడు.

ముత్యాలు ఒళ్ళంతా తొమ్మిదేళ్ళ పిల్లయిపోయింది. తప్పు చేసిన సంగతి, తమ్ముడి సంగతి, భటుల సంగతి ఏమీ లేవు. ఇస్తున్నాడు. ఆయనకి ఇంకెవరూ మిగల్లేదు గనక అయినా సరే, ఇస్తున్నాడు. ఒక్క అక్షరం కూడా పోకుండా వినాలని కళ్ళు మూసుకుంది.

“లైటౌసు కొన ఎర్రమెట్ట నడుం మీద పడాల,” అన్నాడు దానయ్య మెల్లగా, తడబడకుండా. “పోలమ్మ గుడి జంటతాళ్ళ నడిమికి రావాల. పదారు బారలు. అడుగున రాయి.”

ఒకటో పత్రంలోని మాటలే చెప్పి ఆమె తల వదిలేశాడు. మెట్ల మీద చెయ్యి ఊనుకుని లేచాడు.

“నన్నింటికాడ దింపీమని సెప్పండి బాబూ,” అన్నాడు భటుడితో.

ఆ జంటతాళ్ళు పడిపోయి పద్నాలుగేళ్ళయింది.